క్రూయిజ్‌కి చిన్న ల్యాప్‌టాప్: ఏది కొనాలి, ఏం సర్దుకోవాలి?

#1 పద్మజ_నల్లకుంట
అందరికీ నమస్కారం. సింగపూర్ నుంచి నాలుగు రాత్రుల క్రూయిజ్ బుక్ అయింది. హైదరాబాద్ నుంచి అక్కడికి విమానం. ఇంట్లో ఉన్నది 15.6 అంగుళాల ల్యాప్‌టాప్, చార్జర్‌తో కలిపితే రెండున్నర కిలోలు. అంత బరువు మోయలేను, చిన్నది కావాలి.

నా పనులు: కెమెరా కార్డుల్లో ఫొటోలు, వీడియోలు రోజూ రాత్రి కాపీ చేసి పెట్టుకోవడం, తెలుగులో రాసుకోవడం, అవసరమైతే ఆఫీసు మెయిల్, అమ్మానాన్నలకు సినిమాలు. గేమ్స్, ఎడిటింగ్ ఏమీ లేవు. బడ్జెట్ 40 వేలు. ట్యాబ్ సరిపోతుందా, సీటీసీలో (సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్) సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ చూడమంటారా? ఓడలో కరెంటు, నెట్ ఎలా ఉంటాయో కూడా తెలిసినవాళ్లు చెప్పండి.

#2 సలీం_పార్క్‌లేన్
మేడమ్, మీరు చెప్పిన పనులకు కొత్తది అక్కర్లేదు. సీటీసీల ఆఫీసులకెళ్లి వచ్చిన పాత ల్యాప్‌టాపులు మస్తుగ దొరుకుతయి. మూడు మోడల్స్ రాసుకోండి: థింక్‌ప్యాడ్ ఎక్స్280, డెల్ లాటిట్యూడ్ 7290, హెచ్‌పీ ఎలైట్‌బుక్ 830 జీ5. మొదటి రెండు 12.5 అంగుళాలు, 1.2 కిలోల లోపే. మూడోది 13.3 అంగుళాలు, ఇంకొంచెం బరువు. మూడింటికీ యూఎస్‌బీ-సీ నుంచే చార్జింగ్ ఎక్కుతది. అదే అసలు సంగతి, ఎందుకో కింద చెప్త.

ప్రాసెసర్ ఎనిమిదో తరం ఉండాలె, ఐ5-8250యూ, 8350యూ లాంటిది. ఏడో తరం ఇస్త, వెయ్యి రెండు వేలు తక్కువ అంటరు, తీస్కోకండి. విండోస్ 11కి అది అధికారికంగ పనికిరాదు, విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. మోడల్, బ్యాటరీ బట్టి 15 నుంచి 22 వేల మధ్యల పడుతది.

ఎక్స్280ల ర్యామ్ బోర్డు మీదే అతికించి ఉంటది, తర్వాత పెంచలేం. 8 జీబీ ఉన్నదే చూడండి, 4 జీబీది వద్దు. లాటిట్యూడ్ 7290ల ఒక స్లాట్, ఎలైట్‌బుక్‌ల రెండు స్లాట్లు, మార్చుకోవచ్చు.

షాపుల నిలబడే ఇవన్ని చూడాలె:

బ్యాటరీ: కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, ఖాళీ, స్లాష్, బ్యాటరీరిపోర్ట్ అని కొట్టుమనండి. వచ్చే ఫైల్‌ల డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ పక్కపక్కనే ఉంటయి. రెండోది మొదటిదాంట్ల 75 శాతం కన్న తక్కువుంటే బ్యాటరీ మార్చి ఇయ్యమనండి, లేకుంటే రేటు తగ్గించమనండి. రెండూ సమానంగ కనిపిస్తే సంబరపడొద్దు, సైకిల్ కౌంట్ కూడ చూడండి. పాత సెల్స్ పెట్టి చిప్ రీసెట్ చేసిన బ్యాటరీలు ఉంటయి. అరగంట వీడియో ఆడించి ఎన్ని శాతం దిగిందో చూస్తే అసలు రంగు బయటపడ్తది.

లాక్: బయోస్‌లకు (విండోస్ రాకముందే తెరుచుకునే సెట్టింగ్స్) పోయి సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అడుగుతదా చూడండి. తర్వాత వైఫైకి కలిపి, ఫుల్ రీసెట్ కొట్టించి, మొదటి సెటప్ మీ ముందర జరగనియ్యండి. అక్కడ ఏదన్న కంపెనీ పేరుతోని లాగిన్ అడిగిందంటే ఆ మెషిన్ ఇంక ఆ కంపెనీ లిస్టులనే ఉన్నట్టు. ముట్టొద్దు.

పోర్టు: యూఎస్‌బీ-సీల కేబుల్ పెట్టి మెల్లగ అటు ఇటు కదపండి. చార్జింగ్ ఆగి ఆగి వస్తే పోర్టు వదులైంది. 2017 నుంచి 2019 దాక వచ్చిన థింక్‌ప్యాడ్లల థండర్‌బోల్ట్ ఫర్మ్‌వేర్ (ఆ పోర్టును నడిపే చిప్ లోపలి సాఫ్ట్‌వేర్) పాతదుంటే యూఎస్‌బీ-సీ పనిచెయ్యడమే ఆగిపోతది, ఎక్స్280 అండ్ల ఉన్నది. లెనోవో అప్‌డేట్ ఇచ్చింది, కొన్న రోజే ఎక్కించండి.

#3 శ్రీకర్_కేపీహెచ్‌బీ
సలీం భాయ్ చెప్పిన చెకింగ్ అంతా కరెక్టే, కానీ పద్మజ గారికి ట్యాబ్ ఇంకా నప్పుతుందని నా అభిప్రాయం. 11 అంగుళాల ఐప్యాడ్, ఏ16 చిప్ ఉన్నది, 477 గ్రాములు. 128 జీబీ మోడల్ 34,900 రూపాయలకు వచ్చింది. బ్లూటూత్ కీబోర్డు మరో 200, 300 గ్రాములు. ఫోన్ చార్జర్‌తోనే సరిపెట్టుకోవచ్చు.

సినిమాల విషయంలో ట్యాబ్‌కి పెద్ద తేడా ఉంది. నెట్‌ఫ్లిక్స్ 2024లో విండోస్ యాప్ నుంచి డౌన్‌లోడ్ సౌకర్యం తీసేసింది. మ్యాక్‌లో అది ఎప్పుడూ లేదు. అంటే ల్యాప్‌టాప్‌లో నెట్‌ఫ్లిక్స్ చూడాలంటే నడిసముద్రంలో కూడా నెట్ ఉండాల్సిందే. ట్యాబ్‌లో, ఫోన్‌లో ముందే దింపుకుని వెళ్లొచ్చు. దింపిన సినిమాలకు గడువు ఉంటుంది కాబట్టి బయలుదేరే ముందు రోజు ఒకసారి తెరిచి చూసుకోండి.

తెలుగు కీబోర్డు ఐప్యాడ్‌లోనే ఉంది, విడిగా ఏదీ వేసుకోనక్కర్లేదు.

#4 లెన్స్_బోయిన్‌పల్లి
ఫొటోలు కాపీ చేయడం అనే పని ఉంది కాబట్టి తొందరపడి ట్యాబ్ వైపు వెళ్లకండి. ముందు లెక్క వేసుకోండి.

24 మెగాపిక్సెల్ కెమెరాలో ఒక్కో రా ఫైల్ (కెమెరా జేపెగ్‌గా మార్చకుండా దాచే అసలు ఫొటో) సుమారు 25 నుంచి 30 ఎంబీ. రోజుకి 400 తీస్తే 10 నుంచి 12 జీబీ. ఐఫోన్‌లో 4కే వీడియో, సెకనుకు 30 ఫ్రేములైతే నిమిషానికి దాదాపు 170 ఎంబీ, అంటే గంటకు 10 జీబీ. అదే 60 ఫ్రేములు పెడితే నిమిషానికి 400 ఎంబీ. నాలుగు రోజులకు 128 జీబీ ట్యాబ్, అందులో సిస్టమ్, సినిమాలు పోగా మిగిలేది చాలదు. బయట తగిలించే ఎస్ఎస్‌డీ డిస్క్ కావాల్సిందే.

శ్రీకర్ గారు చెప్పిన ఐప్యాడ్‌కి యూఎస్‌బీ-సీ ఉన్నా లోపల వేగం యూఎస్‌బీ 2దే, 480 మెగాబిట్లు. చేతికి వచ్చేది సెకనుకు 35, 40 ఎంబీ. నిండిన 64 జీబీ కార్డు దిగడానికి అరగంట. పైగా కార్డు నుంచి ఎస్ఎస్‌డీకి పంపాలంటే రెండూ ఒకేసారి పట్టే హబ్ కావాలి, ఆ హబ్‌కి చార్జర్ కలిపి ఉండాలి. లేకపోతే కరెంటు చాలక ఎస్ఎస్‌డీ మధ్యలో ఊడిపోతుంది. కాపీ జరిగేంతసేపు ఆటో-లాక్‌ని నెవర్‌లో పెట్టాలి. స్క్రీన్ ఆరిపోతే పెద్ద కాపీలు సగంలో తెగే ప్రమాదం ఉంది. అలా తెగిన ఫైల్ పేరు కనిపిస్తుంది, తెరిస్తే తెరుచుకోదు. అందుకే రెండువైపులా ఫైళ్ల సంఖ్య, మొత్తం సైజు సరిచూశాకే కార్డు ఖాళీ చేయండి.

ఇంకా మంచి పద్ధతి కార్డులు ఖాళీ చేయకపోవడమే. రోజుకో కార్డు పెట్టుకుని, వాడినదాని పక్క అంచున ఉండే లాక్ మీట కిందికి దించి విడిగా దాచండి. కార్డు ఒక కాపీ, ఎస్ఎస్‌డీ రెండో కాపీ. రెండూ ఒకే బ్యాగులో పెట్టొద్దు.

డిస్క్‌ని ఇంట్లోనే ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉంటే ఐప్యాడ్ చదువుతుంది కానీ దాని మీద రాయదు. ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు, పొడుగాటి వీడియో దగ్గర ఆగిపోతుంది.

ఎక్స్280లో, 7290లో కార్డు స్లాట్ ఉంది కదా అని నమ్ముకోకండి, అది మైక్రో ఎస్‌డీకి. కెమెరా పెద్ద కార్డుకు రీడర్ విడిగా కావాలి.

#5 మూర్తి_మెరైన్‌ఎలక్ట్రికల్
కరెంటు గురించి అడిగారు కాబట్టి వివరంగా రాస్తున్నాను. సామాన్లలో ఎక్కువమంది దగ్గర ఓడ ఎక్కేచోట ఆపేసేది పవర్ స్ట్రిప్. కారణం తెలిస్తే ఎవరూ తీసుకెళ్లరు.

మన ఇళ్లలో న్యూట్రల్‌ని సబ్‌స్టేషన్ దగ్గర భూమికి కలుపుతారు. ఓడలో సాధారణంగా అలా కలపరు. రెండు వైర్లూ ఓడ ఇనుప శరీరానికి సంబంధం లేకుండా తేలుతూ ఉంటాయి. ఎక్కడో ఒక వైరు ఓడ బాడీకి తగిలినా బ్రేకర్ పడిపోదు. చుక్కాని, పంపులు ఆగకుండా నడుస్తూనే ఉంటాయి, కంట్రోల్ రూములో అలారం మాత్రం మోగుతుంది. భద్రత కోసం చేసిన ఏర్పాటు అది.

ఇప్పుడు మన సర్జ్ ప్రొటెక్టర్ స్ట్రిప్ తీసుకోండి. అందులో లైన్‌కీ ఎర్త్‌కీ మధ్య, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వేరిస్టర్లు (వోల్టేజీ హఠాత్తుగా పెరిగితే దాన్ని పక్కకు మళ్లించే భాగాలు) ఉంటాయి. ఓడలో ఒక వైరుకి ఎర్త్ ఫాల్ట్ వచ్చిందంటే రెండో వైరుకీ బాడీకీ మధ్య పూర్తి వోల్టేజీ నిలబడుతుంది. ఆ వేరిస్టర్ గంటల తరబడి వేడెక్కి కాలిపోవచ్చు. పైగా స్ట్రిప్ స్విచ్ కట్ చేసేది ఒక్క వైరునే. ఆఫ్ చేసినా రెండో వైరులో కరెంటు అలాగే ఉంటుంది. 2013లో అమెరికా కోస్ట్ గార్డ్ ఇదే విషయం మీద భద్రతా హెచ్చరిక ఇచ్చింది. మామూలు ఎక్స్‌టెన్షన్ బాక్సులను కూడా చాలా కంపెనీలు ఒప్పుకోవు. ఇస్త్రీపెట్టె, కెటిల్ ఎలాగూ కుదరవు.

గదిలో ఉండే సాకెట్లు ఓడను బట్టి మారతాయి. ఎక్కువగా రెండు రకాలు: అమెరికా చదును పిన్నులకు 110 వోల్టులు, యూరప్ సన్న గుండ్రటి పిన్నులకు 220 వోల్టులు. మన ల్యాప్‌టాప్ చార్జర్ల లావు మూడు పిన్నుల ప్లగ్ ఈ రెండింటిలోనూ దూరదు. పాత ఓడల్లో గదికి ఒకటి రెండు సాకెట్లే, అవీ అద్దం దగ్గర. మంచం పక్కన ఉండే యూఎస్‌బీ రంధ్రం ఫోన్‌కి పనికొస్తుంది, ల్యాప్‌టాప్‌కి ఆ పవర్ చాలదు.

కాబట్టి 65 వాట్ల గ్యాన్ చార్జర్ (గాలియం నైట్రైడ్‌తో చేసే చిన్న, తేలికైన రకం) ఒకటి, రెండు మూడు పోర్టులున్నది. దానిమీద ఇన్‌పుట్ 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని రాసి ఉండాలి. 110లో పెట్టినా చార్జింగ్ నెమ్మదించదు. సన్న రెండు పిన్నులున్న చార్జర్ అయితే యూరప్ సాకెట్‌లో నేరుగా కూర్చుంటుంది. అమెరికా సాకెట్ కోసం చిన్న కన్వర్షన్ ప్లగ్ ఒకటి, కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. పెద్ద ఘనం లాంటి యూనివర్సల్ అడాప్టర్లు వద్దు. యూరప్ సాకెట్ గోడలోకి గుంటలా ఉంటే అవి లోపలికి వెళ్లవు. సింగపూర్‌లో హోటల్లో ఆగితే అక్కడ చదరపు మూడు పిన్నులు, దానికి ఇంకొక ప్లగ్.

కొన్ని ఓడల్లో తలుపు దగ్గర పెట్టిన గది తాళం కార్డు తీస్తే సాకెట్లలో కరెంటు కూడా పోతుంది. రాత్రి భోజనానికి వెళ్తూ చార్జింగ్ పెడితే ఎక్కిందో లేదో వచ్చాక చూసుకోండి.

#6 సలీం_పార్క్‌లేన్
మూర్తి సర్ చెప్పిందానికే నేను యూఎస్‌బీ-సీ మీద అంత గట్టిగ చెప్పింది. పాత ల్యాప్‌టాప్‌తోని వచ్చే ఇటుకలాంటి చార్జర్, దాని లావు వైరు కలిపి 300 గ్రాముల పైన. గ్యాన్ చార్జర్ అండ్ల సగం గూడ ఉండదు. ఫోన్, ల్యాప్‌టాప్, కెమెరా అన్నీ దాంతోనే. బరువు చూసేటప్పుడు మెషిన్ ఒక్కటే తూచకండి, చార్జర్, కేబుల్, రీడర్, డిస్క్ అన్నీ కలిపి తూచండి.

ఒక పోర్టుల ఫోన్ పెట్టంగనే రెండో పోర్టు 65 నుంచి 45కి పడిపోతది. పర్వాలేదు, ఈ మెషిన్లకు 45 చాలు. కేబుల్ మాత్రం 60 వాట్లది అని రాసి ఉన్నదే తీస్కోండి.

#7 శ్రీకర్_కేపీహెచ్‌బీ
రా ఫైళ్లు ఉంటే ల్యాప్‌టాప్ మేలని ఒప్పుకుంటాను. జేపెగ్ మాత్రమే తీసేవాళ్లకు ట్యాబే సరి అని ఇప్పటికీ అంటాను.

15 వేలకు కొత్తది అంటూ కనిపించే చవక ల్యాప్‌టాప్‌ల గురించి ఎవరూ చెప్పలేదు. 4 జీబీ ర్యామ్, 64 జీబీ ఈఎంఎంసీ స్టోరేజీతో విండోస్ 11 వస్తుంది. విండోస్‌కి కనీసం కావాల్సిందే 64 జీబీ. మొదటి పెద్ద అప్‌డేట్‌కే చోటు లేదంటుంది. అందులో ఎస్ మోడ్ ఉంటే స్టోర్ యాప్‌లు తప్ప ఏదీ ఎక్కదు. ఎస్ మోడ్ నుంచి బయటికి రావాలన్నా నెట్ కావాలి. 2023లో 16,499కి వచ్చిన జియోబుక్ 990 గ్రాములే, కానీ అందులోనూ 4 జీబీ, 64 జీబీలే. మెయిల్, రాత పనికి ఫర్వాలేదు, కార్డులు దింపే పనికి చోటు చాలదు.

#8 పద్మజ_నల్లకుంట
చాలా బాగా చెప్పారు అందరూ. నేను తీసేది రా ఫైళ్లే. అయితే ల్యాప్‌టాప్ ఖాయం, సినిమాలు నాన్నగారి ఫోన్‌లో దింపుతాను.

మిగిలినవి రెండు. నెట్ కొనాలా వద్దా? డెక్ మీద కూర్చుని రాసుకోవడం కుదురుతుందా?

#9 విహారి_తార్నాక
నెట్ సంగతి నేను చెప్తానండి. పాత ఉపగ్రహ నెట్ 35,786 కిలోమీటర్ల పైన ఉన్న ఉపగ్రహం ద్వారా వచ్చేది. సిగ్నల్ వెళ్లి రావడానికే అర సెకను పైన. మెయిల్‌కి ఫర్వాలేదు, వీడియో కాల్‌కి నరకం. స్టార్‌లింక్ ఉపగ్రహాలు 550 కిలోమీటర్ల దగ్గరే తిరుగుతాయి, ఆలస్యం బాగా తగ్గింది. రాయల్ కరీబియన్ క్రూయిజ్ కంపెనీ 2022లో తన ఓడలన్నిటికీ స్టార్‌లింక్ పెడతామని ప్రకటించింది. మీ ఓడలో ఏది ఉందో బుకింగ్ యాప్‌లో చూడండి. ప్యాకేజీ మామూలుగా ఒక్కో పరికరానికి ఇంత అని లెక్క. ఒక్కటే కొని ఫోన్‌కి, ల్యాప్‌టాప్‌కి మార్చుకోవచ్చు, కానీ మొదటిదాంట్లో లాగౌట్ అయ్యాకే రెండోదాంట్లో లాగిన్ అవ్వాలి.

లాగిన్ పేజీ రాకపోతే ముందు వీపీఎన్ ఆపండి. ఆండ్రాయిడ్‌లో ప్రైవేట్ డీఎన్‌ఎస్ కూడా ఆపండి. విండోస్‌లో రాండమ్ హార్డ్‌వేర్ అడ్రసెస్ ఆన్‌లో ఉంటే ఆ వైఫై వరకు ఆఫ్ చేయండి. అది మారిందంటే ఓడ సిస్టమ్ మీది కొత్త పరికరం అనుకుని మళ్లీ డబ్బు అడగొచ్చు.

కలిసిన వెంటనే ఆ వైఫైని మీటర్డ్ కనెక్షన్‌గా (డేటా పొదుపుగా వాడే సెట్టింగ్) పెట్టండి. వన్‌డ్రైవ్ పాజ్ చేయండి, విండోస్ అప్‌డేట్‌ని ఐదు వారాల వరకు ఆపొచ్చు, ఆపేయండి. ఫోన్‌లో ఫొటోల బ్యాకప్ కూడా.

ఫోన్ ఓడ ఎక్కగానే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లోకి వెళ్లాలి, వైఫై మాత్రమే ఆన్. లేకపోతే ఓడలోని మొబైల్ టవర్‌ని పట్టుకుని సముద్రపు రోమింగ్ రేట్లు పడతాయి. దీనివల్ల ఎసెమ్మెస్ ఓటీపీలు రావు. అందుకే మెయిల్‌కి ఆథెంటికేటర్ యాప్ పెట్టుకోండి, గూగుల్ ఇచ్చే పది బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసుకోండి. కొత్త ల్యాప్‌టాప్‌లో అన్ని లాగిన్లూ ఇంట్లోనే పూర్తి చేయాలి. కొత్త మెషిన్, కొత్త దేశం రెండూ ఒకేసారి కనిపిస్తే ఏ మెయిల్ సర్వీసైనా అనుమానిస్తుంది.

ఇంకొకటి, అన్నిటికన్నా ముఖ్యం: విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేస్తే డిస్క్ ఎన్‌క్రిప్షన్ (కీ లేకుండా డిస్క్ చదవనివ్వని తాళం) దానంతట అదే ఆన్ అయి ఉండొచ్చు. ఎప్పుడైనా 48 అంకెల రికవరీ కీ అడిగిందంటే, ఆ కీ ఉండేది మీ ఆన్‌లైన్ అకౌంట్లో. నడిసముద్రంలో అది తెరవలేకపోతే ల్యాప్‌టాప్ మొత్తం మూతపడ్డట్టే. ముందే చూసి రాసుకుని పాస్‌పోర్ట్ కవర్లో పెట్టండి. బయోస్, ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు ఈ కీ అడగడానికి ప్రధాన కారణం. సలీం భాయ్ చెప్పిన థండర్‌బోల్ట్ అప్‌డేట్ ప్రయాణానికి రెండు వారాల ముందే, ఎన్‌క్రిప్షన్‌ని సస్పెండ్ చేసి ఎక్కించండి.

తెలుగుకి: సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌లోకి వెళ్లి తెలుగు చేర్చి, తెలుగు ఫొనెటిక్ కీబోర్డు వేసుకోండి. నెట్ లేకుండా పనిచేస్తుంది. బ్రౌజర్‌లో టైప్ చేసే పద్ధతికి అలవాటు పడితే ఓడలో చేతులు కట్టేసినట్టవుతుంది.

#10 లెన్స్_బోయిన్‌పల్లి
డెక్ గురించి. ఆఫీసుల నుంచి వచ్చే పాత మోడళ్లలో చాలావాటి స్క్రీన్ వెలుగు 250, 300 నిట్స్. ఎండలో ఏమీ కనబడదు. ఆరుబయట 400, 500 కావాలి. మీ బడ్జెట్‌లో ఆ వెలుగు కోసం పరుగెత్తకండి, నీడలో కూర్చుంటే చాలు. షాపులో చూడాల్సింది ఐపీఎస్ ప్యానెలా కాదా అని. స్క్రీన్‌ని వెనక్కి వాల్చినప్పుడు రంగులు తిరగబడితే అది టీఎన్ ప్యానెల్, వదిలేయండి.

వెలుగు కంటే తేమ పెద్ద సమస్య. గదిలో ఏసీ 22 డిగ్రీలు. బయట 30 డిగ్రీలు, తేమ 80 శాతం అనుకుంటే 26 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న ప్రతి వస్తువు మీదా నీరు పడుతుంది. అంటే గదిలోంచి తెచ్చిన కెమెరా, ల్యాప్‌టాప్ రెండూ చెమటలు కక్కుతాయి, లోపల కూడా. జిప్ కవర్లో మూసి బయటికి తెచ్చి, ఇరవై, ముప్పై నిమిషాలు ఆగి తెరవండి. నీరు కవరు మీద పడుతుంది, మెషిన్ మీద కాదు.

ఉప్పుగాలి యూఎస్‌బీ-సీ పిన్నుల మీద కూర్చుంటే తుప్పు. గదికి వచ్చాక నీళ్లలో తడిపి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డతో పైభాగం తుడిచి, వెంటనే పొడిగుడ్డ. పోర్టులోకి తడి పోనివ్వొద్దు.

#11 పద్మజ_నల్లకుంట
పవర్ బ్యాంక్ ఒకటి 20,000 ఎంఏహెచ్‌ది ఉంది. విమానంలో పర్వాలేదా? ల్యాప్‌టాప్‌ని ఎక్కించగలదా?

#12 మూర్తి_మెరైన్‌ఎలక్ట్రికల్
20,000ని 3.7తో గుణించి వెయ్యితో భాగించండి, 74 వాట్-అవర్లు. విమానంలో 100 వరకు అనుమతి అడగక్కర్లేదు. చేతి బ్యాగులోనే ఉండాలి, చెక్-ఇన్‌లో కుదరదు. దానిమీద అంకె చెరిగిపోయి ఉంటే సెక్యూరిటీలో తీసేసుకునే అవకాశం ఉంది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ అయితే 2025 ఏప్రిల్ నుంచి విమానంలో పవర్ బ్యాంక్ వాడటం, చార్జ్ చేయడం రెండూ నిషేధం.

ల్యాప్‌టాప్‌కి పనికొస్తుందా అన్నది యూఎస్‌బీ-సీలో 45 వాట్లు లేదా పైన ఇస్తుందా అనే దాన్ని బట్టి. ఇస్తే, నష్టాలు పోగా చేతికి వచ్చేది 60 వాట్-అవర్ల దగ్గర. ఎక్స్280 బ్యాటరీ 48. ఒక నిండు చార్జ్ వస్తుంది. 18, 22 వాట్లదైతే ఫోన్‌కే ఉంచుకోండి.

#13 విహారి_తార్నాక
చివరగా సామాన్ల సంగతి. ఓడ ఎక్కేటప్పుడు పెద్ద పెట్టెలు తీసుకుని సాయంత్రానికి గది దగ్గరికి చేరుస్తారు. ల్యాప్‌టాప్, డిస్క్, కార్డులు, మందులు, పాస్‌పోర్ట్ మీ చేతి బ్యాగులోనే ఉండాలి. దిగే ముందు రాత్రి కూడా పెట్టెలు తలుపు బయట పెట్టమంటారు, తెల్లారి రేవులోనే మళ్లీ చేతికి వస్తాయి. ఆ రాత్రి సాకెట్‌లో ఉన్న చార్జర్, కార్డు రీడర్ ముందుగా చేతి బ్యాగులోకి సర్దుకుని, ఆ తర్వాతే పెట్టె మూసి బయట పెట్టండి.